గొడ్డు మొక్కకూ గింజ పడుతుంది

పొగాకు విత్తనాన్ని ఎప్పుడైనా అరచేతిలో పోసుకుని చూశారా? ఆవగింజ దాని పక్కన బండరాయిలా కనిపిస్తుంది. గ్రాముకు పది, పన్నెండు వేల గింజలు తూగుతాయి. ముదురు గోధుమరంగు దుమ్ములా ఉంటుంది, ఊపిరి కాస్త గట్టిగా వదిలితే లేచిపోతుంది. అందుకే నారుమడిలో ఉత్త చేత్తో చల్లరు. ఇసుకలో కలిపో, నీళ్ల డబ్బాలో వేసి కలియబెట్టో చల్లుతారు. ఒక్క మొక్కను తల తుంచకుండా పూతకు వదిలేస్తే లక్షల గింజలు రాలుస్తుంది.

ఇలాంటి దుమ్ములో మనిషి చేర్చిన కొత్త జన్యువు ఒకటి ఉందనుకోండి. అది పొలం గట్టు దాటకుండా ఆపడం ఎలా? పొగాకు మొక్కలో మందులు తయారు చేయించాలని చూస్తున్నవాళ్లందరికీ ఎదురైన ప్రశ్న ఇది. దానికి దొరికిన జవాబుల్లో నాకు బాగా ఆసక్తి కలిగించింది ఒకటుంది. పొగాకును దాని దూరపు చుట్టంతో సంకరం చేసి, సంతానం లేని మొక్కను పుట్టించి, జన్యువును అందులో పెట్టడం. అంటే పెట్టెకు తాళం వేయడం కాదు, పెట్టెకు తలుపే లేకుండా చేయడం.

అవనిగడ్డలో వరి వేసే ఒక పెద్దాయనతో ఈ మాట చెబితే, "మన దివిసీమలో పొగాకెక్కడుంది బాబూ, మినుము, వరి తప్ప? ఈ గొడవ మనకెందుకు?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. దాని దగ్గరికే వస్తాను. అంతకుముందు ఆ సంతానం లేని మొక్క సంగతి తేల్చుకోవాలి.

పొగాకు పువ్వును దగ్గరగా చూస్తే కథ సగం అర్థమవుతుంది. రెండంగుళాల గులాబీరంగు గొట్టం. అంచున అయిదు రేకుల చీలికలు. లోపల అయిదు కేసరాలు, వాటి మధ్య ఒక కీలం. మొగ్గ విచ్చుకునే వేళకే కేసరాలు పగిలి, పుప్పొడి పక్కనే ఉన్న కీలం కొస మీద పడిపోతుంది. అందువల్ల పొగాకు చాలావరకు తన పువ్వుతో తనే ఫలదీకరణ చెందుతుంది. తేనెటీగలు, రాత్రిపూట తిరిగే పెద్ద చిమ్మటలు కొంత పుప్పొడిని పక్క మొక్కకు చేరుస్తాయి. సంకరం చేయాలంటే మనిషి మొగ్గ విచ్చుకోకముందే చేరుకోవాలి. గొట్టం కొస గులాబీరంగు తిరుగుతుండగా పట్టుకారుతో నిలువునా చీల్చి, అయిదు కేసరాలనూ తీసేసి, వేరే జాతి పుప్పొడిని కీలం మీద అద్ది, ఈగ దూరకుండా కప్పాలి. పత్తి విత్తన చేలల్లో క్రాసింగ్ పనికి వెళ్లినవాళ్లకు ఈ పని కొత్తగా చెప్పక్కర్లేదు.

ఇలా ఒక జాతి పొగాకును మరో జాతితో కలిపి, పుట్టిన మొక్క ఏమవుతుందో శాస్త్రీయంగా గమనించిన మొదటివాళ్లలో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ గోట్లీబ్ కోల్‌రాయిటర్ ఒకడు. 1760లో నికోటియానా రస్టికాను నికోటియానా పానిక్యులేటాతో కలిపాడు. మొక్కలు ఏపుగా పెరిగాయి, పూశాయి. వాటి పుప్పొడి మాత్రం పనికిరాలేదు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు కలగనట్టే ఈ మొక్కలకూ సంతానం లేదని గ్రహించి, వాటిని మొక్కల్లో కంచరగాడిదలన్నాడు. అయితే అదే కోల్‌రాయిటర్, ఆ సంకరం మీద తల్లిదండ్రుల జాతి పుప్పొడి అద్దితే అప్పుడప్పుడు గింజలు పడుతున్నాయని కూడా చూశాడు. రెండున్నర శతాబ్దాలు దాటినా మన ప్రశ్న ఆ "అప్పుడప్పుడు" దగ్గరే ఉంది.

ఇప్పుడు అసలు ప్రయోగం. మన పొలాల్లో పండేది నికోటియానా టబాకమ్. దాన్ని నికోటియానా గ్లాకాతో, అంటే పసుపుపచ్చని గొట్టం పూలు పూసే చెట్టు పొగాకుతో కలిపారు. జెల్లీఫిష్ నుంచి తీసిన ఒక జన్యువును ఆ సంకరంలో గుర్తుగా పెట్టారు. అతినీలలోహిత కాంతి వేస్తే ఆకు ఆకుపచ్చగా మెరుస్తుంది. గింజ ఎక్కడ మొలిచినా, ఆ మొలక మెరిస్తే జన్యువు అక్కడిదాకా వెళ్లిందన్నమాట. మందు చేసే జన్యువుకు బదులు ఈ మెరిసే జన్యువును కాపలాదారులా పెట్టారని అనుకోండి. అమెరికాలో టెనసీలో ఒక చేను, కెంటకీలో ఒక చేను వేశారు. 2013లో ఫలితాలు ప్రచురించారు.

ఒక్కో చేనులో 50 సంకర మొక్కలను వెతికితే ఒకచోట మొత్తం 84 గింజలు, మరోచోట 16 గింజలు దొరికాయి. మళ్లీ చదవండి: ఒక్కో మొక్కకు కాదు, 50 మొక్కలకు కలిపి. ఒక్క మామూలు పొగాకు మొక్క లక్షల్లో గింజలు ఇస్తుందని గుర్తుంచుకుంటే ఇది ఎంత కొద్దో తెలుస్తుంది. పుప్పొడి మొలకెత్తడం కూడా చాలా అరుదుగానే కనబడింది. పర పరాగసంపర్కం కెంటకీలో కనిపించలేదు. టెనసీలో 1.4 శాతం కనిపించింది. నేల పైన పెరిగే పచ్చి మొక్క దిగుబడి మామూలు పొగాకుతో సమానంగానే వచ్చింది. పైగా ఈ సంకరం చూపుకే వేరుగా ఉంటుంది కాబట్టి మామూలు పొగాకులో కలిసిపోతే గుర్తుపట్టి ఏరేయొచ్చు.

దాదాపు సున్నా. కానీ సున్నా కాదు. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే కణంలోకి వెళ్లాలి.

మన ఊళ్లలో కోలాటం చూసే ఉంటారు. ప్రతివాళ్లకీ ఎదురుగా జోడీ ఉండాలి, కర్రకు కర్ర తగలాలి, అప్పుడే వలయం సాఫీగా తిరుగుతుంది. పుప్పొడి, అండం తయారయ్యేటప్పుడు క్రోమోజోమ్‌లు చేసే పని అలాంటిదే. టబాకమ్‌లో 48 క్రోమోజోమ్‌లు, అంటే 24 జోళ్లు. గ్లాకాలో 24, అంటే 12 జోళ్లు. ఒక్కొక్కరి నుంచి సగం వస్తే సంకరానికి 24, 12 కలిపి 36 దక్కుతాయి. మొక్క పెరగడానికి ఈ 36 చాలు. ఆకు వేస్తుంది, కాండం లావెక్కుతుంది, పువ్వు పూస్తుంది. కోలాటం మొదలుపెట్టే వేళకు చిక్కు వస్తుంది. టబాకమ్ క్రోమోజోమ్‌లకు తమ జోడీ లేదు, గ్లాకా వాటికీ లేదు. ఎవరికి వారు కర్ర గాల్లో తిప్పుతారు. ఏ క్రోమోజోమ్ ఎటు పోతుందో లెక్క ఉండదు. ఒక పుప్పొడి రేణువుకు పది, మరోదానికి ఇరవై అందుతాయి. కావలసిన జన్యువులు కొన్ని లేక, కొన్ని ఎక్కువై ఆ రేణువులు ముడుచుకుపోతాయి. కాయలో గింజ కట్టదు.

ఎప్పుడో ఒకసారి మాత్రం విభజన తప్పిపోయి 36కు 36 క్రోమోజోమ్‌లూ ఒకే అండంలోకి వెళ్లిపోతాయి. ఏదీ లోపించలేదు కాబట్టి ఆ అండం బతుకుతుంది. పక్కన ఒక పొగాకు పుప్పొడి దొరికితే గింజ పడుతుంది. సంతానం లేని మొక్కకు సంతానం కలిగే దారుల్లో ఇదొకటి. ఇంకోటి ఇంతకంటే గట్టిది. ఎక్కడో ఒక కణంలో క్రోమోజోమ్‌లన్నీ రెట్టింపై, ఆ కొమ్మ పూసిందనుకోండి. ప్రతి క్రోమోజోమ్‌కూ తన నకలే జోడీగా దొరుకుతుంది. కోలాటం మళ్లీ కుదురుతుంది. నిన్నటిదాకా గొడ్డుగా ఉన్న సంకరం ఇవాళ కొత్త జాతి. 1925లో కాలిఫోర్నియాలో క్లాసెన్, గుడ్‌స్పీడ్ అనే ఇద్దరు పొగాకును నికోటియానా గ్లూటినోసాతో కలిపి సరిగ్గా ఇలాంటి మొక్కనే చూపించారు.

అంతదూరం వెళ్లాల్సిన పని కూడా లేదు. మన పొగాకే ఇలా పుట్టింది. దక్షిణ అమెరికాలో నికోటియానా సిల్వెస్ట్రిస్, నికోటియానా టొమెంటోసిఫార్మిస్ అనే రెండు అడవి జాతులు కలిశాయి. ఒక్కోదానికి 24 క్రోమోజోమ్‌లు. వాటికి పుట్టిన సంకరంలో క్రోమోజోమ్‌లు రెట్టింపై 48 అయ్యాయి. ఆ 48 క్రోమోజోమ్‌ల మొక్కే తర్వాత సముద్రాలు దాటింది. 1618 నుంచి 1622 వరకు మన బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డ్ రాసిన దాంట్లో గోల్కొండ సీమ పొగాకు సాగు ప్రస్తావన ఉంది. తర్వాత బందరు నశ్యానికి ఎంత పేరొచ్చిందంటే, ఇంగ్లండు దుకాణాల్లో మసులిపట్నం అన్న పేరుతోనే ఒక రకం నశ్యం అమ్మేవారు. మన తాతలు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి పీల్చిన ఆ చిటికెడు పొడి, ఒక గొడ్డు సంకరం మళ్లీ చూలు దాల్చడం వల్ల వచ్చినదే. కాబట్టి "సంకరం కదా, గింజ పడదు" అని ఎవరైనా ఖరాకండిగా అంటే, పొగాకు పుట్టుకే దానికి సమాధానం.

ఇంకో సంగతి. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థను స్థాపించారు. ఇలాంటి సంస్థల్లోని ప్రజనన శాస్త్రజ్ఞులకు ఈ వంధ్యత్వం శత్రువు. అడవి జాతుల్లో తెగుళ్లను తట్టుకునే గుణాలున్నాయి. మొజాయిక్ తెగులును ఆపే జన్యువు గ్లూటినోసాలోనిదే. దాన్ని పొగాకులోకి తేవాలంటే సంకరపు వంధ్యత్వాన్ని బద్దలు కొట్టాలి. క్రోమోజోమ్‌లు రెట్టింపు చేయాలి, మళ్లీ మళ్లీ పొగాకుతో కలపాలి. ఆ విద్యలో మనిషి నూరేళ్లుగా ఆరితేరుతున్నాడు. జన్యువును కట్టడి చేయాలనుకునే శాస్త్రజ్ఞుడు మాత్రం అదే వంధ్యత్వం ఎన్నటికీ చెదరకూడదని కోరుకుంటాడు. ఒకరు తెరవాలని చూసే తలుపును ఇంకొకరు మూయాలని చూస్తున్నారు. తలుపు మాత్రం ఒకటే.

ఇంతకీ పొగాకే ఎందుకు? జన్యుమార్పిడికి ఇది చాలా అనువైన మొక్క. 1983లో ప్రపంచంలో మొట్టమొదట తయారైన జన్యుమార్పిడి మొక్కల్లో పొగాకు ఉంది. బీటీ జన్యువు పత్తిచేలకు రాకముందే, 1987లో, బెల్జియం శాస్త్రజ్ఞులు దాన్ని పొగాకులో పెట్టి చూపించారు. ఆకు పెద్దది, దిగుబడి ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, ఇది ఎవరూ తినే పంట కాదు. 2014లో ఎబోలా రోగులకు వాడిన జడ్‌మ్యాప్ అనే మందును పొగాకు బంధువైన నికోటియానా బెంథామియానాలో తయారు చేశారు. కెనడా 2022లో అనుమతించిన ఒక కోవిడ్ టీకా కూడా ఆ మొక్కలోనే తయారైంది. అయితే వీటిని చేలో పండించలేదు, మూసిన గదుల్లో పెంచారు.

కట్టడికి వేరే తాళాలు కూడా కనిపెట్టారు. పుప్పొడికి ఆహారమందించే పొరను చంపే జన్యువును 1990లో పొగాకులోనూ ఆవజాతి మొక్కలోనూ పెట్టి, మగ వంధ్యత్వం తెప్పించారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో దీపక్ పెంటల్ బృందం తయారు చేసిన డీఎంహెచ్-11 ఆవ సంకరంలో ఉన్నది ఆ జన్యువే. 2022 అక్టోబరులో దానికి దక్కిన పర్యావరణ అనుమతిపై 2024 జూలైలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ చెరో తీర్పు ఇచ్చారు. ఇంకో పద్ధతి కొత్త జన్యువును పత్రహరితపు రేణువుల్లో పెట్టడం. పొగాకులో ఆ రేణువులు తల్లి నుంచే వస్తాయి, పుప్పొడితో దాదాపు పోవు. ఇక్కడ కూడా "దాదాపు" అనే చెప్పాలి. 2007లో జర్మనీలో లక్షల మొలకలను వెతికి చూస్తే, మొక్క ఎదిగే చివురుదాకా తండ్రి నుంచి జన్యువు చేరినవి పది లక్షల్లో సుమారు మూడు ఉన్నాయి. చాలా గొప్ప తాళమే. అయినా మూడు గింజలు.

గింజ మొలకెత్తకుండా చేసే పద్ధతి పేరు వినగానే రైతు ఉలిక్కిపడతాడు. ఆ భయానికి కారణముంది. 1998లో అమెరికాలో పేటెంటు పొందిన, టెర్మినేటర్ అని పేరుపడ్డ పద్ధతి రైతు దాచుకున్న విత్తనం మొలవకుండా చేయడానికే. మన దేశం 2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో అలాంటి సాంకేతికత ఉన్న రకాలను నమోదు చేయకూడదని రాశారు. మంచి పని. పొగాకు-గ్లాకా సంకరాన్ని దానితో కలిపి చూడకూడదు. అందులో విత్తనం మీద ఎవరూ కత్తి పెట్టలేదు. రెండు జాతుల క్రోమోజోమ్‌లు కుదరక వచ్చిన వంధ్యత్వమది. రైతు విత్తనం దాచుకునే పంట కూడా కాదు, కంపెనీ ఒప్పందం మీద ఆకు కోసి ఇచ్చే పంట.

ఇప్పుడు అవనిగడ్డ పెద్దాయన ప్రశ్న. మనకెందుకు?

పులిగడ్డ దాటి నాగాయలంక, సొర్లగొంది వైపు వెళితే మడ అడవి కనిపిస్తుంది. ఉప్పునీటిలో పాదం పెట్టి నిలబడ్డ తెల్ల మడ, శాస్త్రనామం అవిసీనియా మెరీనా. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవాళ్లు ఇదే జాతి మడలోని ఒక జన్యువును తీసి మొక్కలో పెట్టారు. ఉప్పును తట్టుకునే శక్తి వచ్చిందని 2012లో ప్రచురించారు. ఏ మొక్కలో? పొగాకులో. పొగాకులో పరీక్షించిన జన్యువు తర్వాతి మజిలీ ఏ పంటో ఊహించడం కష్టం కాదు. చౌడు పట్టిన కయ్యల్లో నిలిచే వరి దివిసీమకు ఎంత అవసరమో మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానానికి బాగా తెలుసు. ఎంసీఎం 100, ఎంసీఎం 103 వంటి ఉప్పు తట్టుకునే రకాలు మామూలు ప్రజననంతో అక్కడ తయారైనవే. 2025 మే నెలలో కేంద్రం రెండు జన్యుసవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి మన బాపట్ల బీపీటీ 5204 నుంచి, ఇంకోటి మన మారుటేరు ఎంటీయూ 1010 నుంచి వచ్చింది. రెండోది ఉప్పునేల, బెట్ట తట్టుకోవడానికే చేసింది. వాటిలో పరాయి జన్యువు లేదని చెప్పినందువల్ల జన్యుమార్పిడి పంటలకున్న కఠిన నిబంధనలు వాటికి వర్తించవు. రేపు పరాయి జన్యువు పెట్టిన వరి వస్తే మాత్రం గట్టు దాటే ప్రశ్న మన చేలోనే ఎదురవుతుంది.

అప్పుడు పొగాకు తాళం వరికి పనికిరాదు. పొగాకులో మనకు కావలసింది ఆకు. గింజ పడకపోతే నష్టం లేదు, పైగా లాభం. పొగాకు రైతు ఎలాగూ పూత తుంచేస్తాడు, పిలకలు తీసేస్తాడు, ఆకు బలిసేందుకు. వరిలో గింజే పంట. గొడ్డు వరిని గుడివాడ రైతు ఏం చేసుకుంటాడు? కాబట్టి వంధ్యత్వంతో కట్టడి చేయడమన్నది ఆకు కోసమో కాండం కోసమో పండించే మొక్కలకే చెల్లుతుంది. దీన్ని అన్ని పంటలకూ సమాధానంగా ఎవరు చూపించినా నమ్మకండి.

ఇంక మన నేల సంగతి. కట్టడి గురించి రాసేవాళ్లు కంచె, దూరం, కాపలా అంటారు. విత్తన చేలకు దూరం పాటించడం మనకూ తెలుసు. కానీ ఇది డెల్టా. 1864 నవంబరు ఒకటిన ఉప్పెన బందరు మీద పడి సుమారు ముప్పై వేల మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సముద్రమే నడిచి వచ్చింది. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వదలాల్సి వచ్చింది. ఊళ్లకు ఊళ్లనే కదిలించిన నీటికి దుమ్ములాంటి పొగాకు గింజ ఏపాటి? కాలువ ఒక చేను నుంచి ఇంకో చేనుకు నీటితోపాటు గింజనూ మోస్తుంది. ఇలాంటి చోట కంచెకంటే మొక్క లోపలి తాళమే గట్టిదని నేను నమ్ముతాను. ఆ తాళం నూటికి నూరు కాదన్న సంగతిని కూడా అంతే గట్టిగా పట్టించుకోవాలి.

మొక్కకు బయట చుట్టాలు ఎవరున్నారో కూడా చూడాలి. కాలువ గట్ల మీద, ఏటి మేటల్లో సన్నగా రెండు మూడడుగులు పెరిగే అడవి పొగాకును మీరు చూసే ఉంటారు. తెల్లని పొడుగు పూలు పూస్తుంది. నికోటియానా ప్లంబాజినిఫోలియా దాని పేరు. దానికి 20 క్రోమోజోమ్‌లే. పొగాకుతో కలవడం కష్టం, కలిసినా పుట్టేది మళ్లీ జోళ్లు కుదరని 34 క్రోమోజోమ్‌ల సంకరమే. ప్రమాదం తక్కువ. ఒంగోలు, కందుకూరు వైపు మాత్రం ఎకరాలకు ఎకరాలు మామూలు పొగాకే ఉంది. ఆ చేల మధ్య మందు జన్యువున్న సంకరం వేస్తే సంగతి వేరు. సంకరం గొడ్డుదే, పక్క చేలో పుప్పొడి గొడ్డుది కాదు.

అందుకే ఏ జన్యుమార్పిడి మొక్కనైనా మన మండలంలో పరీక్షిస్తామని ఎవరైనా వస్తే, గ్రామసభలో లేచి కొన్ని ప్రశ్నలు అడగమని చదువరులను కోరుతున్నాను. ఈ మొక్కకు ఈ చుట్టుపక్కల చుట్టాలెవరు? 50 మొక్కలకు ఎన్ని గింజలు పడ్డాయి, లెక్క చూపిస్తారా? పూత తుంచే బాధ్యత ఎవరిది, ఎవరు తనిఖీ చేస్తారు? కోత అయ్యాక, వరద తగ్గాక, మరుసటి ఏడు ఆ చేలోనూ దిగువ కాలువ గట్ల మీదా మొలిచినవాటిని వెతికేదెవరు? రాష్ట్ర ప్రభుత్వం అభ్యంతరం లేదంటేనే చేలో ఇలాంటి పరీక్షలు జరుగుతాయి కాబట్టి, ఈ ప్రశ్నలు అడిగే హక్కు మనకు మాటవరసకు ఉన్నది కాదు. "మొక్క గొడ్డుది, భయం లేదు" అని జవాబొస్తే, ఆ మొక్కను పరీక్షించినవాళ్లు ఏం రాశారో గుర్తు చేయండి. నికోటియానా గ్లాకా లేని చోట, మామూలు పొగాకు చేలకు ఎడంగా వేస్తేనే ఈ సంకరంతో పూర్తి కట్టడి సాధ్యమని వాళ్లే రాశారు.